ఆక్రమణదారు డబ్బుతో అకాడమీ: యుద్ధకాలపు తిరానాలో ఒక అధ్యయన సంస్థ

1942 మే 5న అల్బేనియా రాజధాని తిరానాలో చెమాల్ స్తాఫా అనే విద్యార్థి నాయకుణ్ని ఇటలీ ఆక్రమణ పోలీసులు కాల్చి చంపారు. అతనికి అప్పటికి 22 ఏళ్లు. రెండున్నర నెలలు గడిచాక, జులై 24 రాత్రి, కమ్యూనిస్టు దళాలు దేశంలో చాలాచోట్ల టెలిఫోన్ తీగలు తెంపేశాయి. సరిగ్గా ఆ జులైలోనే, అదే తిరానాలో, ఎర్నెస్ట్ కోలిచి అనే కవి, కథకుడు అల్బేనియన్ అధ్యయన సంస్థకు అధ్యక్షుడయ్యాడు. భాష, చరిత్ర, జానపద సాహిత్యం, ఆచార చట్టం లాంటి విషయాల మీద పనిచేయడానికి పెట్టిన సంస్థ అది. పేరులో 'రాయల్' అన్న మాట కూడా ఉండేది. ఆ రాజు మాత్రం అల్బేనియా మనిషి కాదు, ఇటలీ రాజు మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్.

దేశం పరాయి సైన్యం చేతిలో ఉంది. కొండల్లో తుపాకులు మోగుతున్నాయి. అలాంటప్పుడు పాత గ్రంథాల ప్రతులు సరిచూసుకుంటూ కూర్చోవడం దేశభక్తా, ద్రోహమా? అల్బేనియాలో ఈ గొడవ ఎనభై ఏళ్లుగా తెగలేదు. కమ్యూనిస్టుల కాలంలో 'ద్రోహమే' అన్నారు. 1991 తర్వాత చాలామంది 'దేశభక్తే' అంటున్నారు. అసలు ఆ సంస్థ ఎందుకు పుట్టింది, ఎవరికి ఏం కావలసి వచ్చింది, ఎవరికి ఏం దక్కింది అన్న లెక్క చూస్తే రెండు జవాబులూ తొందరపాటుగానే కనిపిస్తాయి.

ముందు అప్పటి పరిస్థితి. 1939 ఏప్రిల్ 7, గుడ్ ఫ్రైడే రోజున ముస్సోలినీ సైన్యం అల్బేనియా రేవుల్లో దిగింది. రాజు జోగ్ రెండు రోజుల పసికందును, బాలింత భార్యను వెంటబెట్టుకుని గ్రీసుకు పారిపోయాడు. వారం తిరక్కుండానే తిరానాలో ఒక సభను కూర్చోబెట్టి, అల్బేనియా కిరీటాన్ని ఇటలీ రాజుకు 'సమర్పించే' తంతు జరిపించారు. రాజప్రతినిధిగా ఫ్రాంచెస్కో యాకొమోని పగ్గాలు పట్టాడు. జాతీయ జెండాలోని రెండు తలల నల్ల గద్దకు అటూ ఇటూ ముస్సోలినీ ఫాసిస్టు పార్టీ గుర్తైన గొడ్డలికట్టలు వచ్చి చేరాయి. చూడ్డానికి స్థానిక ప్రభుత్వం ఉన్నట్టే ఉండేది, ప్రధాని షెఫ్కెత్ వెర్లాచి. అందులో విద్యామంత్రి పదవి కోలిచిది.

అప్పటికి దేశ జనాభా దాదాపు పది లక్షలు. పది మందిలో ఎనిమిది మందికి చదవడం, రాయడం రాదు. యూనివర్సిటీ అన్నదే లేదు, అది 1957లో గానీ రాలేదు. అక్షరాల విషయంలో కూడా లాటిన్ లిపే వాడాలని 1908లో మొనస్తిర్ సభలో ఒప్పుకున్నాక కదా ఒక దారిన పడ్డారు. అంతకుముందు ఒక్కో ఊళ్లో ఒక్కో లిపి. జాతీయ బ్యాంకు ప్రధాన కార్యాలయం రోమ్‌లో ఉండేది. అప్పులు ఇచ్చేదీ ఇటలీయే. జోగ్ 1933లో ఇటాలియన్ బడుల్ని మూయించి కాస్త ఎదురుతిరిగాడు గానీ, ఖజానా ఖాళీ అయ్యేసరికి మళ్లీ రోమ్ గడప తొక్కక తప్పలేదు. అకాడమీ పెట్టడమన్నది ఆ రాజ్యం తాహతుకు మించిన మాట.

అంతమాత్రాన పండితులు లేరని కాదు. అసలు సమస్య అదే, పండితులున్నారు, వాళ్లకు ఒక చోటు లేదు. ఉత్తరాది నగరం ష్కోదర్‌లో ఫ్రాన్సిస్కన్లు, జెస్యూట్లు అనే కాథలిక్ సన్యాసి సంఘాలవాళ్లు చెరొక పత్రిక, చెరొక ముద్రణాలయం నడిపేవాళ్లు. కొండ తెగల ఆచార చట్టమైన 'లెక్ దుకజీని కానూన్'ను ఫాదర్ ష్త్యెఫెన్ జెచోవి ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి సేకరించాడు. 1929లో ఆయన్ని చంపేశారు. పుస్తకం 1933లో వెలుగు చూసింది. 1937లో స్వాతంత్ర్యానికి పాతికేళ్లు నిండిన సందర్భంగా 'జాతి నిధులు' అనే పేరుతో జానపద గేయాల సంపుటాలు మొదలయ్యాయి. అందులో రెండో సంపుటంలో బెర్నార్దిన్ పలాయ్, దొనాత్ కుర్తి కూర్చిన ఉత్తరాది వీరగాథలు ఇప్పటికీ ఆ రంగంలో మూలగ్రంథమే. ఇదంతా ఎవరికి వారు, తమ మఠం డబ్బుతోనో, తమ జీతం డబ్బుతోనో చేసిన పని.

ఇటలీకి ఇందులో ఏం లాభం? ఆక్రమించిన దేశపు భాషను, సంస్కృతిని తొక్కిపెట్టడమే ఆక్రమణదారులు చేసే పని అనుకుంటాం. ఇక్కడ లెక్క వేరు. అల్బేనియన్లు స్లావులూ కారు, గ్రీకులూ కారు, బాల్కన్లలో అందరికన్నా పాత జాతి అని ఎంత గట్టిగా రుజువైతే, అటు యుగోస్లావియా, ఇటు గ్రీసు ఆ నేల మీద చేసే వాదన అంత పలచబడుతుంది. ఆ పాత జాతికి 'సహజ సంరక్షకుడు' సముద్రం అవతలి ఒడ్డున ఉన్న రోమ్ అని చెప్పుకోవడం అంత తేలికవుతుంది. అల్బేనియన్ జాతీయవాదం రోమ్‌కు అడ్డంకి కాదు, పనికొచ్చే సరుకు. దాని మీద నాలుగు డబ్బులు పెట్టడం నష్టం బేరమేమీ కాదు.

ఈ ఎత్తు ఇటలీ అంతకుముందే పురావస్తు తవ్వకాల్లో వేసి చూసింది. ఇటాలియన్ లూయీజీ ఉగొలీని 1928లో దక్షిణాన బుత్రింట్‌లో తవ్వకం మొదలుపెట్టాడు. వర్జిల్ కావ్యంలో, ట్రాయ్ నుంచి ఇటలీకి వెళుతూ ఈనియస్ ఆగిన ఊరు అదే. రోమ్ మూలపురుషుడి కాలిజాడ అల్బేనియాలో దొరికిందంటే, ముస్సోలినీకి అంతకన్నా మంచి పోస్టర్ ఇంకేముంటుంది? ఉగొలీని నిజమైన పురావస్తు శాస్త్రవేత్తే. ఆయన బయటపెట్టిన నాటకశాల, శిల్పాలు నకిలీవి కావు. నిధులు వచ్చిన కారణం వేరు, నేలలోంచి బయటపడ్డ విషయం వేరు. తిరానా సంస్థను అర్థం చేసుకోవడానికీ ఈ తేడా పట్టుకోవాలి.

ఇది ఇటలీ కనిపెట్టిన కొత్త పద్ధతి కూడా కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉత్తర అల్బేనియాను ఆస్ట్రియా-హంగరీ సైన్యం పట్టుకున్నప్పుడు, 1916లో ష్కోదర్‌లో 'అల్బేనియన్ సాహిత్య సంఘం' ఏర్పాటైంది. దానికి పూనుకున్నది ఆస్ట్రియా దౌత్యాధికారి ఆగస్ట్ క్రాల్. జెర్జ్ ఫిష్తా, న్ద్రె మ్యెదా, లూయిజ్ గురకుచి, అలెక్సాందర్ జువాని, హిల్ మోసి, వియన్నా నుంచి మాక్సిమిలియన్ లాంబర్ట్స్ లాంటి వాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఏ మాండలికాన్ని బడి భాషగా, ఆఫీసు భాషగా తీసుకోవాలో చర్చించారు. ఉత్తరాన గెగ్, దక్షిణాన టోస్క్. రెండింటికీ నడుమ వారధిగా ఎల్బసాన్ ప్రాంతపు పలుకుబడి మేలన్నారు. స్పెల్లింగ్ నియమాలు రాశారు, బడి పుస్తకాలు వేశారు. వియన్నాకు అప్పట్లో ఇటలీ, సెర్బియాల పలుకుబడి తగ్గించాలన్నది ఉద్దేశం. 1918లో ఆస్ట్రియా సామ్రాజ్యం కూలింది. స్పెల్లింగ్ నియమాలు మాత్రం మిగిలాయి. స్వతంత్ర అల్బేనియా వాటినే ఆధారంగా చేసుకుంది.

అంటే ఈ దేశంలో భాష కోసం పుట్టిన రెండు పెద్ద సంస్థలూ రెండు ప్రపంచ యుద్ధాలు నడుస్తుండగానే, ఇద్దరు ఆక్రమణదారుల నీడలో పుట్టాయి. ఇది యాదృచ్ఛికం కాదు. చిన్న, పేద దేశంలో పండితులకు జీతాలు, కాగితం, ప్రెస్సు దొరికేది పెద్ద దేశానికి అవసరం పడినప్పుడే. ఫిష్తా, జువాని లాంటి వాళ్లకు 1940 నాటికి ఇది అనుభవంలో ఉన్న విషయం. వియన్నాతో ఒకసారి బేరం చేసుకున్నారు, దొర వెళ్లిపోయాడు, చేసిన పని మాత్రం మిగిలింది. రోమ్‌తో మళ్లీ అలాగే జరగొచ్చని వాళ్లు ఆశపడితే ఆశ్చర్యమేముంది?

ఇక కోలిచి గురించి. 1903లో ష్కోదర్‌లో పుట్టాడు. చదువు ఇటలీలో. 1924లో జోగ్ అధికారం పట్టాక యుగోస్లావియాకు వలసపోయి, ఐదేళ్లు అక్కడే ఉన్నాడు. తనలాగే పారిపోయి వచ్చిన కొండ తెగల పెద్దలతో గడిపిన ఆ రోజులే అతని కథలకు మట్టి. తర్వాత పడువా యూనివర్సిటీలో అల్బేనియన్ జానపద వీరగాథల మీద పరిశోధన చేశాడు. 1935లో వచ్చిన కథల సంపుటం పేరు 'జెండాల వ్యాపారి'. నాలుగేళ్లకే గొడ్డలికట్టల జెండా కింద మంత్రిగా కూర్చున్నాడు. ప్రత్యర్థులు ఆ పేరునే అతని మీదికి తిప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? తన సమర్థనలో అతను చెప్పుకున్నది ఒకటే: పదవి ఎవరో ఒకరు తీసుకునేదే, దాన్ని జాతి పనికి వాడుకుందామని తీసుకున్నాను.

ఆ మాటలో నిజం ఎంత? కొంత ఉంది. 1941 ఏప్రిల్‌లో యుగోస్లావియా కూలిపోయాక కొసొవోలో ఎక్కువ భాగాన్ని ఇటలీ తన అల్బేనియాలో కలిపింది. అంతకుముందు రెండు దశాబ్దాలపాటు అక్కడ అల్బేనియన్ భాషలో బడులు నడపనివ్వలేదు. కోలిచి మంత్రిగా సుమారు 200 మంది టీచర్లను అక్కడికి పంపాడు. ఒక తరం పిల్లలు తమ భాషలో అక్షరాలు దిద్దింది అప్పుడే. కొసొవోలో ఇవాళ్టికీ ఆ టీచర్లను గౌరవంగా తలుచుకుంటారు. అదే సమయంలో అదే పాలన కింద వేల సంఖ్యలో సెర్బ్ కుటుంబాలను అక్కడి నుంచి తరిమేశారు. బడి తెరిచిన పాలన, ఇళ్లు ఖాళీ చేయించిన పాలన ఒకటే. ఒకదాన్ని చెప్పి ఇంకొకదాన్ని దాటేసే రాతలు రెండు వైపులా బోలెడు.

సంస్థ 1940లో రూపు దిద్దుకుంది. అంతకు ముందే, అల్బేనియన్ సాహిత్యానికి పెద్ద దిక్కు లాంటి ఫిష్తాను 1939లో ఇటలీ రాయల్ అకాడమీ సభ్యుడిగా తీసుకున్నారు. ఆయన 1940 డిసెంబరు 30న చనిపోయాడు. సంస్థలో పనిచేసినవాళ్లలో ఎల్బసాన్ పండితుడు జువాని, ష్కోదర్‌కు చెందిన కార్ల్ గురకుచి, భాషావేత్త నమిక్ రెస్సూలి, ఇటాలియన్ జెస్యూట్ చరిత్రకారుడు జుసెప్పె వలెంతీని ముఖ్యులు. వలెంతీని పడువాలో పుట్టిన ఇటాలియన్. అయినా 1920ల నుంచి ష్కోదర్‌లోనే ఉండి, అక్కడి పత్రిక నడిపి, ఊరివాడైపోయాడు. ఇలాంటి వాళ్లను 'వీళ్లు ఇటలీ వైపు, వాళ్లు అల్బేనియా వైపు' అని గీత గీసి విడదీయడం కుదరదు. దక్షిణ ఇటలీలో 15వ శతాబ్దం నుంచి స్థిరపడ్డ అర్బెరెష్ అల్బేనియన్లు కూడా ఉన్నారు. ఇటలీ పౌరులు, ఇంట్లో మాట్లాడేది అల్బేనియన్. అల్బేనియన్ భాషకు నేపుల్స్‌లో యూనివర్సిటీ పీఠం ఉందంటే అది వాళ్ల చలవే.

ఈ కథలో అంతగా ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. అదే కాలంలో రోమ్‌లోనూ ఒక సంస్థ ఉండేది. ఇటలీ రాయల్ అకాడమీ కింద నడిచిన 'అల్బేనియా అధ్యయన కేంద్రం' అది. దానికి ఒక పత్రిక, ఒక గ్రంథమాల ఉండేవి. జెచోవి సేకరించిన కానూన్‌ను 1941లో ఇటాలియన్‌లో వేసింది ఆ కేంద్రమే. అనువాదం ఫాదర్ పాల్ దొదాయ్‌ది. సంపాదకులు ఫిష్తా, అర్బెరెష్ పండితుడు జుసెప్పె స్కిరో. రక్తపాతానికి పరిహారం ఎంత, అతిథిని చంపినవాడికి శిక్ష ఏమిటి, రెండు ఊళ్ల మధ్య సరిహద్దు రాయి ఎలా పాతాలి అని కొండ పెద్దలు నోటి మాటగా కాపాడుకుంటూ వచ్చిన కట్టుబాట్లు మంచి కాగితం మీద, ఒక న్యాయ చరిత్ర పండితుడి ముందుమాటతో అచ్చయ్యాయి. తమ చేతికి వచ్చిన దేశాన్ని ఏలడానికి ఆ దేశపు చట్టం తెలియాలి గదా. పాలకులకు పనికొచ్చే జ్ఞానం పాలకుల భాషలోకి వెళ్లింది.

తిరానాలో జరిగింది దీనికి కాస్త ఎదురు దిక్కున నడిచింది. అక్కడి పండితులు తమ భాషలో, తమ పాఠకుల కోసం పుస్తకాలు వేయించుకున్నారు. అందులో మొట్టమొదట చెప్పాల్సింది 1941లో విద్యాశాఖ పేరు మీద వచ్చిన 'అల్బేనియన్ రచయితలు' అనే రెండు సంపుటాల సంకలనం. కోలిచి పర్యవేక్షణలో రెస్సూలి, కార్ల్ గురకుచి, మరికొందరు కూర్చారు. 16వ శతాబ్దపు మొదటి పుస్తకం నుంచి అప్పటి సమకాలీన కవుల దాకా అల్బేనియన్ సాహిత్యాన్ని వరసగా ఒక చోట చూపిన మొదటి పెద్ద ప్రయత్నం అది. గెగ్ రచయితలు, టోస్క్ రచయితలు, ఇటలీలోని అర్బెరెష్ కవులు, కాథలిక్కులు, ముస్లింలు, ఆర్థడాక్సులు ఒకే అట్టల మధ్యకు వచ్చారు. మూడు మతాలు, రెండు మాండలికాలు ఉన్న జాతికి 'మీ సాహిత్యం ఒక్కటే' అని బడి పిల్లవాడి చేతికి పుస్తకం ఇవ్వడం చిన్న విషయం కాదు. ఈ పుస్తకం కోసం కిరీటం ఎవరి నెత్తిన ఉందో పట్టించుకోలేదంటే, ఆ పండితుల లెక్క కొంతవరకు అర్థం చేసుకోవచ్చు.

అర్థం చేసుకోవడం వేరు, మాఫీ చేయడం వేరు. సంస్థ చుట్టూ ఉన్న గోడ ఎంత పలచనో చెప్పడానికి నార్బర్ట్ యోక్ల్ ఉదంతం చాలు.

యోక్ల్ వియన్నాలో యూదుడు. మొరావియాలో 1877లో పుట్టాడు. ముందు లా చదివి, తర్వాత భాషాశాస్త్రానికి మళ్లాడు. వియన్నా యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం చేస్తూ, ముప్పై ఏళ్ల వయసులో అల్బేనియన్ నేర్చుకోవడం మొదలుపెట్టి, ఆ భాష పదాల పుట్టుపూర్వోత్తరాల మీద తన తరంలో అందరికన్నా లోతైన పండితుడయ్యాడు. 1937లో పాతికేళ్ల స్వాతంత్ర్య ఉత్సవాలకు తిరానా వెళితే అక్కడ ఆయనకు బ్రహ్మరథం పట్టారు. మరుసటి ఏడాది హిట్లర్ ఆస్ట్రియాను మింగాడు. యూదుడన్న ఒక్క కారణంతో యోక్ల్‌ను లైబ్రరీ ఉద్యోగంలోంచి తీసేశారు. మెట్లెక్కి పుస్తకం తీసుకునే హక్కు కూడా పోయింది.

అల్బేనియాలోని స్నేహితులు ఆయన్ని రప్పించడానికి ప్రయత్నించారు. దేశంలోని లైబ్రరీలను ఒక పద్ధతిలో పెట్టే ఉద్యోగం ఇస్తామన్నారు. కోలిచి కూడా చొరవ తీసుకున్నవాళ్లలో ఉన్నాడు. ఇటలీ, జర్మనీ మిత్రదేశాలు, అల్బేనియా ఇటలీ చేతిలో ఉంది, పిలిచినవాడు స్వయంగా ప్రభుత్వం మనిషి. కాగితం మీద అన్నీ కుదిరినట్టే కనిపిస్తాయి. పని మాత్రం జరగలేదు. 1942 మార్చిలో గెస్టపో యోక్ల్‌ను అరెస్టు చేసింది. మే నాటికి ఆయన లేడు. వియన్నాలోనే చనిపోయాడని కొందరు, తూర్పున ఉన్న హత్యాస్థలానికి తరలించారని మరికొందరు చెబుతారు. ఆయన పుస్తకాలు, కాగితాలు వియన్నా నేషనల్ లైబ్రరీకి చేరాయి. వాటి మీద మరో ప్రొఫెసర్ కన్నేసిన వైనం కూడా నమోదై ఉంది.

ఆయన చనిపోయిన రెండు నెలలకే కోలిచి సంస్థకు అధ్యక్షుడయ్యాడు. అల్బేనియన్ భాషకు ఆ సమయంలో బతికున్న అత్యుత్తమ పండితుణ్ని, అల్బేనియన్ అధ్యయనాల కోసమే పెట్టిన వ్యవస్థ కాపాడలేకపోయింది. యూదులకు ఆశ్రయమిచ్చిన దేశంగా అల్బేనియాకు మంచి పేరుంది. యుద్ధం ముగిసేనాటికి అక్కడ యూదుల సంఖ్య మొదలైనప్పటికన్నా ఎక్కువ. ఆ రక్షణ ఇచ్చింది పల్లెల్లో, పట్నాల్లో మామూలు కుటుంబాలు. యోక్ల్‌కు కావలసింది ఒక వీసా, ఒక ప్రయాణ అనుమతి. అవి ఇచ్చే అధికారం బెర్లిన్, రోమ్‌ల దగ్గర ఉంది. ఆక్రమణదారును మనం వాడుకుంటున్నాం అనుకునేవాళ్లకు ఆ వాడకం ఎక్కడ ఆగిపోతుందో ఇక్కడ తెలిసిపోతుంది. కాగితం దొరుకుతుంది, ప్రెస్సు దొరుకుతుంది, మనిషి ప్రాణం దొరకదు.

1943 సెప్టెంబరులో ఇటలీ లొంగిపోయింది. జర్మన్లు వచ్చారు. పేరుకు అల్బేనియా మళ్లీ 'స్వతంత్రం'. మెహ్దీ ఫ్రషెరి, ఫ్రాన్సిస్కన్ ఫాదర్ అంటోన్ హరాపి, పురాతన పత్రాల సేకర్త లెఫ్ నోసి తదితరులతో రీజెన్సీ మండలి, అంటే రాజు స్థానంలో పాలించే మండలి. పండితులు రాజకీయాల్లోకి ఎంత లోతుగా కూరుకుపోయారో ఈ జాబితా చూస్తే చాలు. జాతి కోసం ఒక అడుగు, ఆ అడుగు నిలబెట్టుకోవడానికి ఇంకో అడుగు. చివరికి వెనక్కి రావడానికి దారి లేదు.

1944 నవంబరు ఆఖరుకు కమ్యూనిస్టు నాయకుడు ఎన్వర్ హోజా దళాలు గెలిచాయి. హరాపిని, నోసిని 1946లో కాల్చి చంపారు. వీరగాథలు సేకరించిన పలాయ్ అదే ఏడాది నిర్బంధంలో చనిపోయాడు. కోలిచి అప్పటికే ఇటలీలో ఉన్నాడు. రోమ్ యూనివర్సిటీలో అల్బేనియన్ పీఠం నడిపాడు, 1957లో 'షెయ్జత్' అనే పత్రిక పెట్టాడు, 1975లో అక్కడే కన్నుమూశాడు. అల్బేనియాలో ఆయన పుస్తకాలు నిషేధం. రెస్సూలి, కార్ల్ గురకుచి, వలెంతీని కూడా ఇటలీలోనే మిగిలారు. వలెంతీని పలెర్మోలో కూర్చుని, 14, 15వ శతాబ్దాల్లో అల్బేనియాకు సంబంధించి వెనిస్ దస్తావేజుల్లో ఉన్న ప్రతి కాగితాన్నీ వెతికి 20కి పైగా సంపుటాలుగా వేయించాడు. 15వ శతాబ్దపు అల్బేనియన్ వీరుడు స్కందర్‌బెగ్ కాలం మీద పనిచేసే ఏ చరిత్రకారుడైనా వాటిని తెరవాల్సిందే. 1940ల్లో వేసిన ప్రణాళికల్లో ఎక్కువ ఫలితం ఇచ్చింది బహుశా ప్రవాసంలో జరిగిన ఈ పనే.

అందరూ వెళ్లిపోలేదు. జువాని ఉండిపోయాడు. 1916లో ఆస్ట్రియన్ల కింద, 1940లో ఇటాలియన్ల కింద, 1944 తర్వాత కమ్యూనిస్టుల కింద ఆయన చేసింది ఒకే పని, అల్బేనియన్ భాష స్పెల్లింగు, వ్యాకరణం, పదాలు. 1961లో చనిపోయేదాకా గౌరవంగానే ఉన్నాడు. ఇవాళ ఎల్బసాన్ యూనివర్సిటీకి ఆయన పేరే. ఇంత జాగ్రత్తగా ఎలా నెగ్గుకొచ్చాడన్నది ప్రత్యేకంగా రాయాల్సిన విషయం. భాషావేత్త ఎచ్రెం చబేయ్ కూడా యుద్ధకాలంలో కొంతకాలం రోమ్‌లో ఉన్నవాడే. తిరిగొచ్చి, అల్బేనియన్ భాషాశాస్త్రానికి పెద్ద తలకాయ అయ్యాడు. కొత్త ప్రభుత్వం యుద్ధం అయిన రెండేళ్లకల్లా తనదంటూ ఒక అధ్యయన సంస్థను పెట్టుకుంది, అది తర్వాత విజ్ఞాన సంస్థ అయింది, 1954లో నిఘంటువు తెచ్చింది. ఆ పనులేవీ శూన్యంలోంచి మొదలవలేదు. మనుషుల్లో కొందరు పాతవాళ్లే, ఎజెండాలో చాలా భాగం పాతదే. అధికారిక చరిత్రలో మాత్రం 1944కు ముందు పేజీ ఖాళీ.

జోన్ బుజుకు రాసిన ప్రార్థనా గ్రంథం 1555లో అచ్చయింది. అల్బేనియన్‌లో మనకు దొరికిన మొదటి పుస్తకం అదే. ప్రపంచం మొత్తం మీద ఉన్నది ఒక్క ప్రతి, వాటికన్ లైబ్రరీలో. మొదటి పేజీలు కూడా పోయాయి. 1941 సంకలనంలో పనిచేసిన రెస్సూలి దానికి 1958లో వాటికన్ నుంచి ఒక ప్రామాణిక ముద్రణ తెచ్చాడు. పదేళ్లకు, 1968లో, తిరానాలో చబేయ్ తన ముద్రణ తెచ్చాడు. ఒకరు ప్రవాసి, రెండోవారు హోజా రాజ్యంలో పౌరుడు. యుద్ధం ఎదురెదురు ఒడ్డులకు విసిరేసిన ఇద్దరు పండితులు ఒకే పుస్తకం మీద, ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఒకే పని చేశారు. ఒకే చోట కూర్చునే అవకాశం దొరికి ఉంటే ఆ పని ఎంత ముందుగా, ఎంత బాగా అయ్యేదో ఊహించుకోవచ్చు.

1972 అక్టోబరులో అల్బేనియా విజ్ఞాన అకాడమీ పుట్టింది. మరుసటి నెలలోనే తిరానాలో స్పెల్లింగ్ మహాసభ జరిగి, టోస్క్ ఆధారంగా ఉన్న ప్రామాణిక భాషను ఖాయం చేసింది. 1916లో ష్కోదర్ బల్ల దగ్గర అనుకున్న ఎల్బసాన్ వారధి పక్కకు పోయింది. ఫిష్తా, కోలిచి రాసిన గెగ్ భాష బడి భాష కాకుండా పోయింది. హోజా దక్షిణాది మనిషి అన్న సంగతి ఇక్కడ గుర్తు రాకుండా ఎవరికీ ఉండదు.

1991 తర్వాత నిషేధాలు ఎత్తేశారు. ఫిష్తా మళ్లీ పాఠ్యపుస్తకాల్లోకి వచ్చాడు, కోలిచి కథలు మళ్లీ అచ్చయ్యాయి. లోలకం ఇటు చివరికి వచ్చేసరికి, నిన్నటి ద్రోహులు ఇవాళ మచ్చలేని మహనీయులైపోయారు. యాకొమోని నీడను, గొడ్డలికట్టల జెండాను కత్తిరించేసి సంస్థను ఒక్కదాన్నే ఫ్రేము కట్టి చూపించే వ్యాసాలు ఎక్కువవుతున్నాయి. ఈ ధోరణి పాత నిషేధమంత క్రూరం కాదు గానీ, దానంత అసంపూర్ణమే. ఈలోగా భాష గొడవ మాత్రం పచ్చిగానే ఉంది. 1972 ప్రమాణంలో గెగ్‌కు చోటివ్వాలా, ఇస్తే ఎంత అన్న వాదన ష్కోదర్‌లోనూ, కొసొవో రాజధాని ప్రిష్టినాలోనూ టీవీ చర్చల దాకా వెళుతుంది. కోలిచి కథ చదవబోయిన కుర్రాడికి తను బడిలో నేర్చుకున్న క్రియారూపాలు అందులో కనిపించవు, సగం పదాలకు ఫుట్‌నోట్ చూసుకోవాల్సి వస్తుంది.